డ్రెస్డెన్ మిలిటరీ మ్యూజియం: ఒక రిటైర్డ్ సుబేదార్ రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తాను. ఐదుకి నాలుగు. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానో తర్వాత చెబుతాను.

జర్మనీలో పిల్లల దగ్గరికి వచ్చే మన అమ్మానాన్నలను డ్రెస్డెన్‌లో ఎక్కడెక్కడికి తిప్పుతారో ఈపాటికి నాకు కంఠతా వచ్చేసింది. జ్వింగర్ ప్యాలెస్, ఫ్రావెన్‌కిర్ష చర్చి, ఎల్బ నది ఒడ్డున ఫొటోలు, సెలవు రోజైతే బస్టయ్ కొండలు. బుండెస్‌వేర్ (ఇప్పటి జర్మనీ సైన్యం) వాళ్ళ మిలిటరీ హిస్టరీ మ్యూజియం ట్రామ్ దూరంలోనే ఉన్నా అక్కడికి ఎవరూ తీసుకెళ్ళరు. "యుద్ధాలూ తుపాకులూ ఇంకా ఏం చూస్తావు నాన్నా" అంది మా అమ్మాయి కూడా. నేను ఆర్టిలరీలో గన్నర్‌గా చేరి సుబేదార్‌గా పెన్షన్ వచ్చినవాణ్ణి. మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలిటరీ మాధవరం అంటేనే అందరికీ తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళొచ్చిన తాతల కబుర్లు వింటూ పెరిగాం మేమంతా. అప్పుడు అవతలి పక్కన నిలబడ్డ సైన్యం ఓడిపోయాక ఏమైంది? అదే దేశంలో మళ్ళీ ఇంకో సైన్యాన్ని ఎవరు, ఎవరితో, ఎలా నిలబెట్టారు? నేను చూద్దామనుకున్నది అది. తుపాకులు నేను చాలానే చూశాను.

దారి చెబుతాను. 7 లేదా 8 నంబరు ట్రామ్ ఎక్కి స్టౌఫెన్‌బెర్గ్ అల్లే అనే స్టాపులో దిగాలి. 1944 జూలై 20న హిట్లర్ ఉన్న గదిలో బాంబు పెట్టి, హిట్లర్ బతికిపోవడంతో అదే రాత్రి తుపాకీ గుళ్ళకు బలైన కల్నల్ స్టౌఫెన్‌బెర్గ్. తమ సైన్యాధిపతిని చంపబోయిన ఆఫీసరు పేరు కంటోన్మెంట్ రోడ్డుకు పెట్టారంటేనే ఇక్కడ ఏదో జరిగిందని అర్థమవుతుంది. ఈ పేటంతా 1870ల్లో సాక్సనీ రాజులు కట్టించిన కంటోన్మెంటే. జర్మన్ ఆర్మీ ఆఫీసర్ల శిక్షణ స్కూలు కూడా 1998 నుంచి ఈ పక్కనే ఉంది. టికెట్ 5 యూరోలు. బుధవారం సెలవు. సోమవారం సాయంత్రం ఆరు దాటాక ఉచితం. బోర్డులు జర్మన్‌తో పాటు ఇంగ్లీషులోనూ ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు లిఫ్టు ఉంది.

భవనం సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. అసలు ఇది ఆయుధాగారం. 1897లో సాక్సనీ రాజుగారి సైన్యం వస్తువులతో మ్యూజియం అయింది. తర్వాత హిట్లర్ సైన్యం వాడుకుంది. 1972 నుంచి తూర్పు జర్మనీ సైన్యం తన మ్యూజియంగా నడిపింది. 1990లో బుండెస్‌వేర్ చేతికొచ్చింది. అవే గోడలు, ప్రతిసారీ కొత్త యజమాని, ప్రతిసారీ కొత్త చరిత్ర. ఆ గోడల మధ్యలోంచి డేనియల్ లీబెస్కిండ్ అనే ఆర్కిటెక్టు గాజూ ఉక్కూ కలిపిన పెద్ద ముక్కోణాన్ని దూర్చాడు. పనసకాయలో దిగబడిపోయిన గొడ్డలిలా ఉంటుంది చూడ్డానికి. 2011 అక్టోబరులో తెరిచారు. ఆయన తల్లిదండ్రులు యూదుల ఊచకోత నుంచి బతికి బయటపడ్డవాళ్ళు. అలాంటి ఇంట్లో పుట్టినవాడి చేత జర్మన్ సైన్యం తన సొంత మ్యూజియాన్ని చీల్పించుకోవడం మామూలు విషయం కాదు.

ఆ ముక్కోణం మొన 1945 ఫిబ్రవరి 13 రాత్రి ఈ ఊరి మీద బాంబులు మొదలుపెట్టిన దిక్కును చూపిస్తుంది. పైకెక్కితే ఊరంతా కనిపిస్తుంది. అక్కడే మూడు ఊళ్ళ నుంచి తెచ్చిన రాతి పలకలు పెట్టారు. ఒకటి పోలండ్‌లోని వీలూన్ నుంచి, ఒకటి రోటర్‌డామ్ నుంచి, ఒకటి డ్రెస్డెన్ నుంచి. మొదటి రెండు ఊళ్ళ మీద బాంబులేసింది జర్మన్లే. "మా ఊరు కాలిపోయింది" అనే ముందు అంతకుముందు మేం ఎవరి ఊళ్ళు కాల్చామో చూసుకోండి అని సైన్యమే తన జనానికి చెబుతోంది. మా అమ్మాయి అక్కడ చాలాసేపు నిలబడింది. నాకు మాత్రం ఆ వాలు గోడలూ ఒరిగిన గదులూ కళ్ళు తిప్పాయి. అరవై దాటినవాళ్ళు రెయిలింగ్ పట్టుకుని నడవండి.

ఫిరంగులూ గట్రా గురించి గబగబా చెప్పేస్తాను. పదిహేనో శతాబ్దపు ఫౌలే మాగ్ద్ అనే భారీ ఫిరంగి దగ్గర గన్నర్లెవరైనా ఆగాల్సిందే. 1850లో కట్టి, మరుసటి ఏడాదే కీల్ రేవులో మునిగిపోయిన బ్రాంట్‌టౌకర్ అనే జలాంతర్గామిని తీసుకొచ్చి పెట్టారు. ప్రపంచంలో మిగిలినవాటిలో అదే పాతది. వీ-2 రాకెట్ ఉంది. యుద్ధంలో వాడిన జంతువులన్నిటినీ ఏనుగుతో సహా వరసగా నిలబెట్టారు, పిల్లలు అక్కణ్ణుంచి కదలరు.

ఇక అసలు సంగతికొస్తాను. పాత భవనంలో చరిత్రను కాలక్రమంలో మూడు భాగాలుగా పెట్టారు, చివరిది 1945 నుంచి ఇప్పటిదాకా. చాలామంది అక్కడికి చేరేసరికి కాళ్ళు లాగేసి గబగబా దాటేస్తున్నారు. నా మాట విని దీన్నే ముందు చూడండి. కాస్త చదువుకుని వెళ్ళండి. యూనిఫాంలూ జీపులూ వాటంతట అవి ఏమీ చెప్పవు, వెనకున్న కథ తెలిస్తేనే మాట్లాడతాయి.

కథ క్లుప్తంగా ఇది. 1945 మేలో లొంగిపోయాక జర్మనీకి సైన్యమే లేదు. యూనిఫాం, పతకాలు, ప్యారేడ్ అన్నీ నిషేధం. పదేళ్ళు అలాగే గడిచాయి. మధ్యలో 1950 జూన్‌లో కొరియా యుద్ధం మొదలైంది. అక్కడ కమ్యూనిస్టు ఉత్తరం దక్షిణం మీద పడ్డట్టే రేపు ఇక్కడ సోవియట్ వైపు నుంచి పశ్చిమ జర్మనీ మీదా దాడి జరగొచ్చని అమెరికాకు భయం పట్టుకుంది. ఆ అక్టోబరులోనే ఐఫెల్ కొండల్లో హిమ్మెరోడ్ అనే మఠంలో పాత సైన్యం ఆఫీసర్లు కొందరు గుట్టుగా కూర్చుని కొత్త సైన్యానికి ప్లాను రాశారు. ఆ కాగితంలో దళాల లెక్కలే కాదు, బేరం కూడా ఉంది. జర్మన్ సైనికుణ్ణి తిట్టడం ఆపాలి, యుద్ధ నేరాలకు జైల్లో ఉన్న మావాళ్ళను వదలాలి అన్నారు. ఓడిపోయి ఐదేళ్ళే అయినా బేరానికి తక్కువ లేదు! ఇంకోపక్క హోం మంత్రి గుస్టాఫ్ హైన్‌మన్ మళ్ళీ ఆయుధాలు పట్టడమేమిటని రాజీనామా చేసి పోయాడు. జనంలో "నన్ను లెక్కలోంచి తీసేయండి" అనే మాట నినాదమైపోయింది. అన్నలనూ నాన్నలనూ పోగొట్టుకున్నవాళ్ళు మరి.

ఫ్రాన్సుకు ఇంకో భయం. జర్మన్ సైనికులను కలగలుపు యూరప్ సైన్యంలో కలిపేద్దామని ఫ్రాన్సే ప్రతిపాదించి, 1954 ఆగస్టులో తన పార్లమెంటులోనే దాన్ని పడగొట్టింది. చివరికి నాటోలో చేర్చుకుని, జర్మనీ సైన్యం కట్టుకోవచ్చు అన్నారు. 1955 నవంబరు 12న బాన్‌లోని ఎర్మెకైల్ బ్యారక్స్‌లో 101 మంది వాలంటీర్లకు రక్షణ మంత్రి థియోడోర్ బ్లాంక్ నియామక పత్రాలిచ్చాడు. ఆయన వృత్తి సైనికుడు కాదు, కార్మిక సంఘం నుంచి వచ్చినవాడు. నెపోలియన్ చేతిలో ఓడిన ప్రష్యా సైన్యాన్ని సంస్కరించిన షార్న్‌హోర్స్ట్ 200వ పుట్టినరోజని ఆ తేదీ ఎంచుకున్నారు. వెనక గోడకు పెద్ద ఇనుప శిలువ వేలాడదీశారు. ముందు వరసలో నిలబడ్డవాళ్ళలో చాలామందికి యూనిఫాం లేదు, కోటూ టైతో వచ్చారు. మన దగ్గర రంగ్రూట్‌కు, అంటే కొత్తగా చేరిన కుర్రాడికి కూడా మొదటి వారంలోనే కిట్టు ఇచ్చేస్తారు.

మరి ఆ కోటు వేసుకొచ్చినవాళ్ళెవరు? హిట్లర్ సైన్యంలో పనిచేసినవాళ్ళే. ఇంకెవరున్నారు? డివిజన్ నడపడం తెలిసినవాడు ఆ తరంలో ఇంకో చోట దొరకడు. 18 ఏళ్ళ జనరళ్ళను పంపిస్తే నాటో ఒప్పుకోదు కదా అని ఛాన్సలర్ అడెనౌర్ అన్నాడని చెబుతారు. నియంత పోయాక సైన్యం కట్టే ప్రతి దేశానికీ ఈ ముడి తప్పదు. పాతవాణ్ణి తీసుకుంటే పాత బుద్ధి వెంట వస్తుంది. తీసుకోకపోతే పని తెలిసినవాడుండడు.

జర్మన్లు చేసింది నాకు బాగా నచ్చింది. కల్నల్, ఆపై ర్యాంకులకు దరఖాస్తు పెట్టినవాళ్ళందరినీ జల్లెడ పట్టడానికి పార్లమెంటు చట్టం చేసి ఒక బోర్డు వేసింది. మొత్తం 38 మంది సభ్యులు. అందులో ఒకావిడ ఆన్నెడోర్ లేబర్. ఆమె భర్త యూలియుస్ లేబర్ హిట్లర్‌కు ఎదురు తిరిగి ఉరికంబం ఎక్కినవాడు. ఒక్కసారి ఊహించుకోండి. ఛాతీనిండా పతకాలు తెచ్చుకున్న కల్నల్ బోర్డు ముందుకొస్తే, ఆ బోర్డులో హిట్లర్ ఉరి తీయించిన మనిషి భార్య కూర్చుని ఉంది. జూలై 20 నాటి బాంబు కుట్ర గురించి నువ్వేమనుకుంటున్నావు అన్నది అక్కడ ముఖ్యమైన ప్రశ్న. ప్రమోషన్ బోర్డులు నేనూ చూశాను. ఎవరైనా గన్ను గురించి అడుగుతారు, మ్యాప్ గురించి అడుగుతారు. మనస్సాక్షి గురించి అడిగే బోర్డు నేను చూడలేదు. సుమారు 600 దరఖాస్తుల్లో 50కి పైగా తిప్పి పంపించారు.

వడపోత గట్టిదే, కానీ ఒడ్డున పడ్డవాళ్ళంతా పులుకడిగిన ముత్యాలని అనుకోవద్దు. మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ అడాల్ఫ్ హోయ్‌సింగర్‌ను చూడండి. స్టౌఫెన్‌బెర్గ్ బాంబు పేలినప్పుడు ఈయన హిట్లర్ పక్కనే నిలబడి యుద్ధ పరిస్థితి చెబుతున్నాడు. గాయపడ్డాడు. తర్వాత కుట్రలో ఉన్నాడేమోనని అరెస్టు చేసి వదిలేశారు. అంతకుముందు ఏళ్ళ తరబడి హిట్లర్ దండయాత్రల ప్లాన్లు గీసిందీ ఈయన శాఖే. అలాంటి మనిషే 1957లో ప్రజాస్వామ్య సైన్యానికి పెద్ద. బ్యారక్స్‌కు పాత జనరళ్ళ పేర్లు కూడా దశాబ్దాల పాటు ఉండిపోయాయి. రోమెల్ పేరు ఇప్పటికీ ఉంది.

మనుషులను మార్చలేనప్పుడు నిబంధనలు మార్చాలి. ఆ పని చేసింది వోల్ఫ్ ఫాన్ బౌడిస్సిన్ అనే ఆఫీసరు. 1941లో ఉత్తరాఫ్రికాలో పట్టుబడి యుద్ధమంతా ఆస్ట్రేలియా ఖైదీల శిబిరంలో గడిపాడు. యూనిఫాం వేసుకున్నా పౌరుడు పౌరుడే, అతని హక్కులు గేటు దగ్గర వదిలి రాడు అన్నది ఆయన పట్టుదల. పాతకాలపు ఆఫీసర్లకు ఇది మింగుడు పడలేదు. 1969లో ఒక జనరల్ ఇదంతా ఇన్నాళ్ళూ తగిలించుకున్న ముసుగు, ఇక తీసేద్దాం అనే ధోరణిలో మాట్లాడి పెద్ద గొడవే తెచ్చాడు.

మన ఫౌజీలకు పట్టే సంగతులు ఇక్కడ కొన్ని ఉన్నాయి. మొదటిది కసమ్. ట్రైనింగ్ అయ్యాక కసమ్ పరేడ్‌లో మనం రాజ్యాంగం మీద ప్రమాణం చేస్తాం. 1934 ఆగస్టు 2న జర్మన్ సైనికులందరి చేతా హిట్లర్ పేరు మీద ప్రమాణం చేయించారు, దేశం మీద కాదు, మనిషి మీద. తర్వాత వాడు పిచ్చి పనులు చేస్తున్నాడని తెలిసినా "ప్రమాణం చేశాం కదా" అంటూ కూర్చున్నవాళ్ళు ఎంతోమంది. అందుకే కొత్త ప్రమాణంలో ఏ మనిషి పేరూ లేదు. జర్మన్ ప్రజల హక్కునూ స్వేచ్ఛనూ కాపాడతాననే ఉంటుంది.

రెండోది హుకుం. 1956 నాటి సైనికుల చట్టంలో 11వ సెక్షన్ ప్రకారం మనిషి గౌరవాన్ని కించపరిచే ఆదేశాన్ని పాటించనవసరం లేదు. నేరం చేయించే ఆదేశాన్నయితే పాటించనే కూడదు. మన ఆర్మీ యాక్టులోనూ చట్టబద్ధమైన ఆదేశం అనే మాట ఉంది, కానీ దాని గురించి రంగ్రూట్‌కు క్లాసు చెప్పగా నేనెప్పుడూ వినలేదు. వీళ్ళు దాన్ని పాఠంగా చెబుతారు, దానికోసం 1956లోనే ఒక స్కూలు పెట్టారు. సైన్యానికి సొంత క్రిమినల్ కోర్టులు కూడా ఉంచలేదు. సైనికుడు నేరం చేస్తే మామూలు కోర్టుకే వెళ్ళాలి.

మూడోది చూసి నేను నవ్వుకున్నాను. పార్లమెంటు తరఫున సైనికుల ఫిర్యాదులు వినడానికి ఒక కమిషనర్ ఉంటారు. 1959 నుంచి ఆ పదవి ఉంది. ఏ సిపాయి అయినా నేరుగా ఆయనకు ఉత్తరం రాయొచ్చు, మధ్యలో హవల్దార్, జేసీఓ, కంపెనీ కమాండర్ ఎవరినీ అడగక్కర్లేదు. రాసినందుకు ఎవరూ కక్ష తీర్చుకోకూడదు. సర్వీసంతా "త్రూ ప్రాపర్ ఛానల్" అనే మూడు మాటల కింద గడిపినవాణ్ణి. సెలవు అర్జీ ఏ బల్ల మీద ఆగిందో తెలుసుకోవడానికి క్లర్కుకు ఎన్ని టీలు తాగించామో మా బ్యాచ్‌వాళ్ళకు తెలుసు.

కాగితం మీద రాస్తే సరిపోతుందా అంటే లేదు. 1957 జూన్‌లో కెంప్టెన్ దగ్గర ఇల్లర్ నదిని ట్రైనింగ్‌లో దాటబోయి 15 మంది కుర్రాళ్ళు మునిగి చనిపోయారు. నిర్బంధ సర్వీసు మొదలై రెండు నెలలే అయింది అప్పటికి. 1963లో నాగోల్డ్‌లో రంగ్రూట్లను హింసించిన వ్యవహారం బయటపడింది, మార్చ్‌లో కుప్పకూలిన ఒక కుర్రాడు చనిపోయాడు. కానీ ఈసారి పత్రికలు రాశాయి, కోర్టు శిక్షలు వేసింది. పాత సైన్యంలో అయితే ఆ కుర్రాడి పేరు రిజిస్టర్లో కొట్టేసేవాళ్ళు, అంతే.

ఆ గదుల్లోనే నాకొక పెద్దాయన తగిలాడు. నా వయసే. తూర్పు జర్మనీ సైన్యంలో గన్నరట. ఏ గన్ను అని మా అమ్మాయి చేత అడిగించాను. 130 అన్నాడు. నేను నడిపిందీ అదే, రష్యన్ 130 ఎంఎం! ఫోన్‌లో ఫొటో చూపిస్తే చేత్తో బ్రీచ్ తెరిచి గుండు తోసినట్టు చేసి చూపించాడు. ఇంక మా అమ్మాయి అనువాదం చేయలేక అలసిపోయింది, మేం అలసిపోలేదు.

ఆయన వల్లే ఈ కథలో రెండో సగం నాకు తెలిసింది. తూర్పు జర్మనీ 1956 మార్చిలో తన సైన్యం పెట్టుకుంది. ఫాసిజాన్ని తుడిచేశాం అని చెప్పుకుంటూనే యూనిఫాం కుట్టు పాత సైన్యం పోలికలోనే కుట్టించింది, కాళ్ళు నిటారుగా ఎత్తే ఆ నడకనూ వదల్లేదు. 1990 అక్టోబరు 3న దేశం కలిసిపోయింది, ఆ సైన్యం రద్దయింది. ఆరోజు బుండెస్‌వేర్‌కు అప్పగింతయింది సుమారు 90,000 మంది సైనికులు. వాళ్ళలో శాశ్వతంగా ఉండనిచ్చింది 11,000 మందిని అటూఇటూగా. జనరళ్ళనూ అడ్మిరళ్ళనూ ముందురోజే ఇంటికి పంపేశారు, ఒక్కణ్ణీ మిగల్చలేదు. మిగిలినవాళ్ళలో చాలామందికి ర్యాంకు తగ్గింది. అక్కడ చేసిన సర్వీసును "విదేశీ సైన్యంలో చేసిన సర్వీసు" అని చాలా ఏళ్ళు రికార్డులో రాశారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మారింది. ఆయన్ను ఉండనివ్వలేదు.

ఇక్కడ నాకు మనసులో పడ్డ ముల్లు ఇంకా తీయలేకపోతున్నాను. 1955లో హిట్లర్ కింద సోవియట్ దేశమంతా తగలబెట్టుకుంటూ పోయిన సైన్యం జనరళ్ళకు చోటు దొరికింది. 1990లో ఎవరి మీదా యుద్ధం చేయని సైన్యం జనరళ్ళకు దొరకలేదు. న్యాయం చూస్తే తలకిందులు. అవసరం చూస్తే అర్థమవుతుంది. 1955లో ఎదురుగా శత్రువున్నాడు, చేతిలో మనుషులు లేరు. 1990లో శత్రువు పోయాడు, ఒప్పందం ప్రకారం మొత్తం సైన్యాన్నే 3,70,000కు కుదించాలి. సైనికుడి విలువ ఎప్పుడూ అవసరం మీదే ఆధారపడుతుందేమో. మిగ్-29 విమానాలను మాత్రం ఉంచుకుని వాడుకున్నారు, తర్వాత పోలండ్‌కు ఒక్కోటి ఒక యూరోకు ఇచ్చేశారు.

ఇరాక్ గుర్తురాకుండా ఉండదు. 2003 మేలో అమెరికా అధికారి పాల్ బ్రెమర్ ఒక్క ఆర్డరుతో సద్దాం సైన్యాన్ని రద్దు చేశాడు. జీతం పోయింది, పరువు పోయింది, చేతిలో పని తెలుసు, ఇంట్లో తుపాకీ ఉంది. లక్షల మంది అలా రోడ్డున పడ్డారు. వాళ్ళలో కొందరు తర్వాత ఎటు తేలారో లోకమంతా చూసింది. మళ్ళీ కట్టిన సైన్యం 2014లో మోసుల్‌ను వదిలేసి పారిపోయింది. జర్మనీకి పదేళ్ళ వ్యవధి దొరికింది, మిత్రదేశాల దళాలు కాపలాగా ఉన్నాయి, అప్పటికే నడుస్తున్న పార్లమెంటు ఉంది. అవి లేని చోట ఇదే నమూనా పనిచేస్తుందని నేననుకోను. ఇప్పుడు సిరియా అదే ముడి విప్పుకుంటోంది.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, భవనం మరీ గట్టిగా మాట్లాడుతుంది నా లెక్కలో. ఆ ముక్కోణం చూసి నోరెళ్ళబెట్టి, జంతువులతో ఫొటోలు దిగి జనం వెళ్ళిపోతున్నారు. ఒక బల్ల, 38 కుర్చీలు, దరఖాస్తుల కట్టలు, ఈ సైన్యం కథకు ఆయువుపట్టు అదే. దాని ముందు రాకెట్టు చిన్నది. ఇది నా అభిరుచి, మీకు వేరేగా అనిపించొచ్చు.

సగం రోజు పెట్టుకోండి. పదేళ్ళలోపు పిల్లలుంటే మొదటి ప్రపంచ యుద్ధం గదుల్లో జాగ్రత్త, చూపించకుండా దాటించాల్సినవి ఉన్నాయి. సోమవారం సాయంత్రం ఉచితమని పొద్దుపోయి వెళ్తే మూడు గంటల్లో ఏదీ సరిగ్గా చూడలేరు, 5 యూరోలు పెట్టి పొద్దున పదింటికే వెళ్ళండి. తూర్పు జర్మనీ భాగంలో సోయుజ్ క్యాప్సూల్ ఒకటి ఉంది. మొదటి జర్మన్ వ్యోమగామి జిగ్మండ్ యేన్ 1978లో అందులోనే భూమికి దిగాడు. ఆయనా ఆ సైన్యం ఆఫీసరే, తర్వాత జనరల్. 1990లో ఆయన్నూ పంపేశారు.